అమ్మమ్మ పెట్టెలో దొరికిన నోట్లు: ఏవి చెల్లుతాయి, ఏవి చెల్లవు, ఎందుకు?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. మీ అమ్మమ్మగారు పోయాక ఆవిడ ట్రంకు పెట్టె సర్దుతుంటే రెండు 2000 నోట్లు, ఆరు పాత 500 నోట్లు, చెదలు కొట్టిన కొత్త 500 నోట్లు కొన్ని, ఒక డబ్బా నిండా 25 పైసల బిళ్లలు దొరికాయి. బ్యాంకుకు తీసుకెళ్తే కౌంటర్‌లో ఆయన అన్నిటినీ ఒకే గాటన కట్టి "ఇవేవీ చెల్లవు" అని తిప్పి పంపారు. "చెల్లిస్తానని రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంతకం పెట్టిన కాగితం చెల్లదని ఎవరు నిర్ణయిస్తారు? అసలు నోటు ఎక్కడ పుట్టి ఎక్కడ పోతుంది?" అని అడిగారు.

సూటిగా జవాబు ఇది. 2000 నోట్లు ఇప్పటికీ చెల్లుతాయి, కాకపోతే బ్యాంకులో కాదు, రిజర్వ్ బ్యాంకు కార్యాలయంలో మార్చుకోవాలి. 2016లో రద్దయిన పాత 500 నోట్లకు ఇక రూపాయి కూడా రాదు. చెదలు కొట్టిన కొత్త 500 నోట్లను ఏ బ్యాంకు శాఖ అయినా తీసుకుని తీరాలి. ఎంత వస్తుందన్నది ఎంత ముక్క మిగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. 25 పైసల బిళ్లలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు. అంటే కౌంటర్‌లో ఆయన చెప్పింది సగం నిజం, సగం తప్పు. ఆ తప్పు సగంలోనే మీ డబ్బు ఉంది.

నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో 34 ఏళ్లు పనిచేశాను. చివరి 11 ఏళ్లు కరెన్సీ చెస్ట్‌లో, అంటే రిజర్వ్ బ్యాంకు నోట్లను మా బ్యాంకులో నిల్వ ఉంచే ఖజానాలో, జాయింట్ కస్టోడియన్‌గా ఉన్నాను. అంటే స్ట్రాంగ్ రూమ్ రెండు తాళంచెవుల్లో ఒకటి నా దగ్గర ఉండేది, రెండోది ఇంకో ఆఫీసర్ దగ్గర. ఇద్దరం కలిస్తే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. నోట్ల గురించి నాకు తెలిసిందంతా ఆ తలుపు దగ్గర నేర్చుకున్నదే.

మీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. అది అర్థమైతే మొదటి దానికి కారణం మీకే తెలుస్తుంది.

మన దేశంలో నోట్లు నాలుగు చోట్ల అచ్చవుతాయి. నాసిక్, దేవాస్ ముద్రణాలయాలు కేంద్ర ప్రభుత్వ సంస్థవి. మైసూరు, పశ్చిమ బెంగాల్‌లోని సాల్బోని ముద్రణాలయాలు రిజర్వ్ బ్యాంకు అనుబంధ సంస్థవి. మనం కాగితం అని పిలుస్తాం గానీ అది కలప గుజ్జుతో చేసింది కాదు, పూర్తిగా దూదితో చేసింది. అందుకే చొక్కా జేబులో పడి ఉతుకులోకి వెళ్లిన నోటు కూడా ముద్దవకుండా బయటికొస్తుంది. నీటిగుర్తు, భద్రతా దారం కాగితం తయారయ్యేటప్పుడే అందులో కలిసిపోతాయి. గాంధీ బొమ్మ మీద, అశోక స్తంభం మీద వేలు పెట్టి రాస్తే గరుకుగా తగులుతుంది కదా, అది ఇంటాగ్లియో అనే ఉబ్బెత్తు ముద్రణ. 500 నోటు రెండు అంచుల్లో ఐదేసి ఏటవాలు గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. అవి చూపులేని వాళ్లు తడిమి గుర్తుపట్టడానికి. దొంగనోటు చేసేవాడు రంగులు దించగలడు గానీ ఈ గరుకుదనం తేవడం కష్టం. కౌంటర్‌లో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లు నోటును కళ్లకంటే ముందు వేళ్లతో పట్టేస్తారు. నేనూ అంతే. మెషిన్ ఆపక ముందే బొటనవేలు ఆగేది.

ఏటా ఏ నోట్లు ఎన్ని కావాలో రిజర్వ్ బ్యాంకు లెక్క వేస్తుంది. పాడైపోయే నోట్లకు బదులు ఎన్ని కావాలి, వ్యాపారం పెరిగి అదనంగా ఎన్ని కావాలి అని చూసుకుని ముద్రణాలయాలకు ఇండెంట్, అంటే ఆర్డరు, పెడుతుంది. 2023-24లో నోట్ల ముద్రణకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఖర్చు సుమారు రూ. 5,101 కోట్లు. అచ్చులో చెడిపోయిన నోటు స్థానంలో అదే నంబరు మళ్లీ వేయడం పెద్ద పని కాబట్టి, 2006 నుంచి నంబరు మధ్యలో నక్షత్రం గుర్తు ఉన్న నోటును ఆ ప్యాకెట్‌లో పెడుతున్నారు. ఈ స్టార్ నోటు పట్టుకుని "మేడమ్, ఇది దొంగనోటు" అని కంగారుగా వచ్చినవాళ్లు నాకు లెక్కలేనంత మంది. అది నూటికి నూరుపాళ్లు అసలు నోటే. 2023లో రిజర్వ్ బ్యాంకు ఈ సంగతి ప్రత్యేకంగా ప్రకటించాల్సి వచ్చింది కూడా.

ఇక చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. అచ్చయిన నోటు వెంటనే డబ్బు అయిపోదు. ముద్రణాలయం నుంచి పెట్టెల్లో, పోలీసు కాపలాతో, నోట్లను విడుదల చేసే రిజర్వ్ బ్యాంకు ఇష్యూ ఆఫీసుకో నేరుగా మా చెస్ట్‌కో వస్తుంది. చెస్ట్ ఉండేది మా బ్యాంకు భవనంలో, కాపలా మాది, తాళాలు మావి. కానీ లోపల ఉన్న ప్రతి నోటూ రిజర్వ్ బ్యాంకుది. మా శాఖకు నగదు కావాలంటే చెస్ట్ నుంచి తీసుకుని, రిజిస్టర్‌లో రాసి, ఆ రోజే రిజర్వ్ బ్యాంకుకు తెలియజేయాలి. అక్కడ మా బ్యాంకు ఖాతాలో అంత సొమ్ము తగ్గుతుంది. ఆ క్షణం నుంచి ఆ నోట్లు చలామణిలో ఉన్నట్టు లెక్క. సాయంత్రం మిగిలిన నగదు తిరిగి చెస్ట్‌లో పెడితే మా ఖాతాలో అంత పెరుగుతుంది, ఆ నోట్లు చలామణి లెక్క నుంచి బయటికొస్తాయి. రిపోర్టు ఆలస్యమైనా తప్పయినా బ్యాంకు మీద అపరాధ వడ్డీ పడుతుంది.

నేను చెస్ట్‌కు వచ్చిన కొత్తలో ఒక పండగ ముందు రోజు కౌంటర్‌లో నగదు అయిపోయింది. బయట జనం బారులు తీరి ఉన్నారు. నా జతగా ఉన్న ఆఫీసర్ ఆస్పత్రి పనిమీద వెళ్లి గంటన్నర ఆలస్యంగా వచ్చారు. గోడకు అవతల కోట్లు ఉన్నాయి, గోడకు ఇవతల పదివేలు ఇవ్వలేక నేను చేతులు జోడించి నిలబడ్డాను. ఒక పెద్దాయన "లోపల డబ్బు పెట్టుకుని లేదంటావేంటమ్మా" అన్నారు. ఆయనకు ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను: ఆ తలుపు దాటేదాకా అది ఎవరికీ ఇవ్వగలిగే డబ్బు కాదు, రిజర్వ్ బ్యాంకు సరుకు. సరుకు మీద ఆ సంస్థకు బాకీ ఉండదు. బయటికి వచ్చాకే అది బాకీ పత్రం అవుతుంది. మీరు చెప్పిన "చెల్లిస్తాను" అన్న మాట అప్పుడే ప్రాణం పోసుకుంటుంది. అలా బయట ఉన్న నోట్లన్నిటికీ సరిపడా బంగారం, విదేశీ సెక్యూరిటీలు, ప్రభుత్వ బాండ్లు వంటి ఆస్తులు రిజర్వ్ బ్యాంకు తన ఇష్యూ డిపార్ట్‌మెంట్ పద్దులో చూపించాలి. 1957 నుంచి ఉన్న నియమం ప్రకారం కనీసం రూ. 200 కోట్ల నిల్వ ఉండాలి, అందులో బంగారం రూ. 115 కోట్లకు తగ్గకూడదు.

ఒక్క రూపాయి నోటు మాత్రం వేరే కథ. దాని మీద గవర్నర్ సంతకం ఉండదు, కేంద్ర ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. చెల్లిస్తానన్న హామీ కూడా ఉండదు. నాణేల్లాగే అదీ ప్రభుత్వం విడుదల చేసేదే.

ఇప్పుడు నోటు పోయే దారులు. ఇవి మూడు. బ్యాంకుల్లో కూడా కొందరు ఈ మూడింటినీ కలిపేస్తారు. మీ విషయంలో జరిగింది అదే.

మొదటిది మామూలు అరుగుదల. చేపల మార్కెట్‌లో తడిచేతులు మారి, బస్సు కండక్టర్ వేళ్ల మధ్య నిలువుగా మడతపడి, పదిరూపాయల నోటు త్వరగా నలిగిపోతుంది. 500 నోటు అంత తొందరగా పాడవదు. బ్యాంకులకు వచ్చిన నోట్లను సార్టింగ్ మెషిన్‌లో వేస్తే మళ్లీ ఇవ్వదగినవి ఒక వైపు, ఇవ్వకూడనివి ఒక వైపు పడతాయి. ఆ రెండో రకాన్ని మేం సాయిల్డ్ నోట్లంటాం. వాటిని వందేసి ప్యాకెట్లుగా, పది ప్యాకెట్లు ఒక బండిల్‌గా కట్టి రిజర్వ్ బ్యాంకుకు పంపుతాం. అక్కడ పెద్ద యంత్రాలు వాటిని మళ్లీ లెక్కపెట్టి, అసలో నకిలీయో చూసి, తునకలు చేసి, ఇటుకల్లా నొక్కేస్తాయి. పూర్వం తగలబెట్టేవాళ్లు. ఈ దారిలో పోయే నోటు వల్ల ఎవరికీ నష్టం లేదు, దాని విలువ అప్పటికే ఖాతాలోకి చేరిపోయి ఉంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ప్రతి ప్యాకెట్‌కూ స్టేపుల్ పిన్నులు కొట్టేవాళ్లం. అవి ఊడదీసేటప్పుడు వేళ్లు తెగేవి, నీటిగుర్తు ఉండే తెల్లటి కిటికీలో చిల్లులు పడేవి. 2001 నవంబరులో రిజర్వ్ బ్యాంకు పిన్నులు వద్దని ఆదేశించింది. కాగితం పట్టీలు వచ్చాయి. నోట్ల ఆయువు పెంచడానికి నా సర్వీసులో చూసిన వాటిలో ఇంతకంటే చవకైన, ఇంతకంటే మంచి నిర్ణయం లేదు. ఇప్పటికీ పెళ్లిళ్లలో నోట్ల దండలకు పిన్నులు కొట్టడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

రెండోది, ఒక రకం నోట్లను చలామణి నుంచి వెనక్కి తీసుకోవడం. ఇందులో నోటు చెల్లుబాటు పోదు, కొత్తగా ఇవ్వడం మాత్రం ఆపేస్తారు. 2014లో, వెనక వైపు అచ్చువేసిన సంవత్సరం లేని నోట్లను, అంటే 2005కు ముందువాటిని ఇలాగే వెనక్కి తీసుకున్నారు. 2000 నోటుకు జరిగింది కూడా ఇదే. 2018-19లోనే దాని ముద్రణ ఆగిపోయింది. 2023 మే 19న వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించినప్పుడు రూ. 3.56 లక్షల కోట్ల విలువైన 2000 నోట్లు బయట ఉన్నాయి. వాటిలో 98 శాతానికి పైగా తిరిగొచ్చాయి. బ్యాంకు శాఖల్లో గడువు 2023 అక్టోబరు 7తో ముగిసింది. దేశంలోని 19 రిజర్వ్ బ్యాంకు ఇష్యూ ఆఫీసుల్లో మాత్రం ఇప్పటికీ తీసుకుంటారు. కాబట్టి కౌంటర్‌లో ఆయన "మేం తీసుకోం" అనడం సరే, "చెల్లవు" అనడం తప్పు.

మూడోది చెల్లుబాటునే రద్దు చేయడం. రిజర్వ్ బ్యాంకు చట్టం 26వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం, రిజర్వ్ బ్యాంకు కేంద్ర బోర్డు సిఫారసు మీద కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఫలానా నోటు ఇక చెల్లదని చెప్పవచ్చు. మీరు అడిగిన "ఎవరు నిర్ణయిస్తారు" అన్నదానికి చట్టంలో ఉన్న జవాబు ఇదే. 1946లో ఆర్డినెన్సుతో, 1978లో వేరే చట్టంతో పెద్ద నోట్లను రద్దు చేశారు. 2016 నవంబరు 8న ఈ సెక్షన్ కింద పాత 500, 1000 నోట్లు పోయాయి. రూ. 15.41 లక్షల కోట్ల నోట్లు రద్దయితే రూ. 15.31 లక్షల కోట్ల మేర వెనక్కి వచ్చాయి. 2017లో పార్లమెంటు ఇంకో చట్టం చేసి, ఆ నోట్ల మీద రిజర్వ్ బ్యాంకుకు ఉన్న బాధ్యతను కూడా తీసేసింది. గవర్నర్ మాట అక్కడితో రద్దయింది. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఆ నిర్ణయాన్ని సమర్థించింది. తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి బి.వి. నాగరత్న, ఇది గెజిట్ ప్రకటనతో కాకుండా చట్టం ద్వారా చేయాల్సిన పని అన్నారు.

2016 చివర్లో పాత నోట్లు తీసుకున్న ఆ యాభై రోజులు నేను చెస్ట్‌లో ఉన్నాను. రాత్రి పదకొండింటికి ఇల్లు చేరి, పొద్దున్నే ఏడున్నరకు తాళంచెవితో మళ్లీ హాజరు. వచ్చిన పాత నోట్లు పెట్టడానికి స్ట్రాంగ్ రూమ్‌లో చోటు చాలేది కాదు. ఆ టెన్షన్ కంటే నాకు గుర్తుండిపోయింది జనవరి మొదటి వారం. మీ అమ్మమ్మగారి వయసే ఉంటుంది, ఒకావిడ బియ్యం డబ్బాలో దాచుకున్న పదమూడు పాత 500 నోట్లు పట్టుకొచ్చింది. డిసెంబరు 30తో గడువు అయిపోయింది. ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నేను ఏమీ చేయలేకపోయాను. అందుకే ఇలాంటి ప్రశ్న ఎవరు అడిగినా ఇంత పొడుగ్గా రాస్తాను.

మీ ఆరు పాత నోట్ల విషయంలో ఒక జాగ్రత్త. రద్దయిన ఆ నోట్లు పదికి మించి దగ్గర పెట్టుకోవడం నేరం. పదివేల రూపాయలు గానీ, నోట్ల విలువకు ఐదు రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అది జరిమానా. ఆరింటికి భయం లేదు, గుర్తుగా ఉంచుకోవచ్చు. "కమీషన్ ఇస్తే మార్చిపెడతాం" అని ఎవరైనా అంటే మాత్రం దగ్గరికి రానివ్వకండి. అది మోసమే.

ఇక చెదలు కొట్టిన 500 నోట్లు. చిరిగిన నోటును మార్చుకోవడానికి మీకు ఆ బ్యాంకులో ఖాతా ఉండనక్కర్లేదు. 20 రూపాయల వరకు ఉన్న నోట్లకు, ఉన్న ముక్కల్లో పెద్ద ముక్క సగం కంటే ఎక్కువ ఉంటే మొత్తం విలువ, లేదంటే ఏమీ రాదు. 50 రూపాయలు, ఆ పై నోట్లకు పెద్ద ముక్క 80 శాతం దాటితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం మధ్య ఉంటే సగం, 40కి తక్కువైతే సున్నా. కొత్త 500 నోటు 15 సెంటీమీటర్ల పొడవు, 6.6 సెంటీమీటర్ల వెడల్పు, అంటే 99 చదరపు సెంటీమీటర్లు. ఇంట్లో గళ్ల కాగితం మీద పరిచి మీరే కొలుచుకోవచ్చు. మేమూ దాదాపు అలాగే కొలిచేవాళ్లం.

ఒకసారి కూతురి పెళ్లికి దాచిన డబ్బు చెదలు పట్టిందని ఒక రైతు దంపతులు గోనె సంచిలో మట్టితో సహా తెచ్చారు. అప్పటికే ఇంకో బ్యాంకు శాఖలో వెనక్కి పంపేశారట. మేం ఇద్దరం రెండు రోజులు కూర్చుని, మెత్తటి బ్రష్‌తో మట్టి దులిపి, ఒక్కొక్క నోటూ కొలిచాం. ఎక్కువ భాగం చెదలు ఒక మూల నుంచే తిన్నాయి. మూడొంతుల నోట్లకు పూర్తి విలువ వచ్చింది, మిగిలినవాటిలో చాలా వాటికి సగం. ఆ అనుభవంతో చెప్తున్నాను: ముక్కలను జిగురుతో, టేపుతో అతికించకండి. రెండు వేర్వేరు నోట్ల ముక్కలు కలిసిపోతే అది కావాలని చేసిన పనిలా కనిపిస్తుంది, మొత్తం తిరస్కరిస్తారు. ఉన్నవి ఉన్నట్టుగా ఒక కవరులో పెట్టి తీసుకెళ్లండి. ముట్టుకుంటే పొడైపోయేంత పెళుసుగా ఉన్నవి, కాలి నల్లబడినవి మాత్రం బ్యాంకు శాఖలో చూడరు, వాటికీ రిజర్వ్ బ్యాంకు ఆఫీసే దిక్కు. కౌంటర్‌లో మళ్లీ కాదంటే, తీసుకోవడం లేదని కాగితం మీద రాసి ఇమ్మని మర్యాదగా అడగండి. చాలాసార్లు అక్కడితో పని అవుతుంది.

నోటు మీద పెన్నుతో రాత ఉంటే చెల్లదని ఒక ప్రచారం ఉంది. మామూలు గీతలు, అంకెలు, పేర్లు ఉంటే చెల్లుతుంది. రాజకీయ, మత ప్రచారానికి రాసిన నినాదాలు ఉంటేనే దానికి విలువ ఇవ్వరు.

నాణేల సంగతి కొంచెమే. వీటిని విడుదల చేసేది ప్రభుత్వం. ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా టంకశాలల్లో తయారవుతాయి. హైదరాబాద్ టంకశాల 1903 నుంచి సైఫాబాద్‌లో ఉండేది, 1997లో చర్లపల్లికి మారింది. మీ 25 పైసల డబ్బాలో సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉన్న బిళ్లలు కనిపిస్తే అవి మన దగ్గర పోసినవే. వజ్రం గుర్తు ఉంటే ముంబైవి, చుక్క ఉంటే నోయిడావి, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతావి. 50 పైసల బిళ్ల ఇప్పటికీ చెల్లుతుంది. డబ్బాలో అడుగున ఏమైనా ఉన్నాయేమో వేరుచేసి చూడండి. పదిరూపాయల బిళ్ల 2018 నాటికే పధ్నాలుగు రకాల్లో వచ్చింది, అన్నీ అసలువే. గీతలు పది ఉన్నా పదిహేను ఉన్నా తేడా లేదు. దుకాణదారుడు వద్దంటే అది ఊళ్లో పుట్టిన భయమే తప్ప చట్టం కాదు. అయితే ఒకే లావాదేవీలో వెయ్యి రూపాయలకు మించి నాణేలు తీసుకోవాలని ఎవర్నీ చట్టం బలవంతపెట్టదు.

చివరగా మీ రెండు 2000 నోట్లు. మీరు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నానన్నారు. రిజర్వ్ బ్యాంకు ఇష్యూ ఆఫీసుల్లో మనకు దగ్గరిది హైదరాబాద్, సైఫాబాద్‌లో సచివాలయం రోడ్డు మీద ఉంది. నాలుగు వేల కోసం అంత దూరం వెళ్లనక్కర్లేదు. మీ ఊరి పోస్టాఫీసు నుంచే ఆ ఆఫీసుకు నోట్లు పంపవచ్చు, సొమ్ము మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. దానికి ఒక దరఖాస్తు ఫారం ఉంటుంది. దాంతోపాటు గుర్తింపు కార్డు, ఖాతా వివరాల నకళ్లు జతచేయాలి. నోట్ల నంబర్లు విడిగా రాసుకుని, ఫోటో తీసి పెట్టుకోండి. పోస్టాఫీసు ఇచ్చే రసీదును డబ్బు పడేవరకు జాగ్రత్తగా ఉంచండి. చెదలు కొట్టిన నోట్లను ఈ కవరులో కలపకండి. వాటిని మీ ఊళ్లోనే బ్యాంకులో ఇవ్వండి. కొలిచాక ఒక్కో నోటుకు ఎంత ముక్క మిగిలిందో ఇక్కడ రాస్తే, ఎంత రావాలో లెక్క నేను చెప్తాను.